ఒక లువియన్ క్రియ, ఇద్దరు పండితులు, ఒకడే మనిషి

వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన భాష బతికున్నవాడి ఉద్యోగానికి ఎసరు పెడుతుందా? పెడుతుంది. నాకు పెట్టింది. పొయ్యి మాత్రం నేనే వెలిగించాను.

అప్పుడు నేను రాయదుర్గంలో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన భాషాశాస్త్రం డిగ్రీవాణ్ణి. ఓ విదేశీ విశ్వవిద్యాలయం ప్రాచీన భాషల నిఘంటువును తెలుగు అర్థాలతో కంప్యూటర్‌కి ఎక్కించే పని మాకిచ్చింది. అక్కడ దాన్ని చూసే ప్రొఫెసర్ తెలుగువాడే. నా వాటా లువియన్. ఒకప్పుడు ఇప్పటి టర్కీ ప్రాంతంలో మాట్లాడిన భాషన్నమాట. ఒకరు అర్థం రాయాలి, ఇంకొకరు దాన్ని విడిగా పరీక్షించాలి, ఇదీ పద్ధతి. నన్ను పరీక్షించేవాడు పక్క సీటు మల్లేశ్. శుక్రవారం సాయంత్రంలోగా పని ముగిస్తే నా ఉద్యోగం పర్మనెంటు.

శుక్రవారానికి ఒకే ఒక్క క్రియ మిగిలింది. దొరికిన మట్టిపలకలన్నిటిలో అది కనిపించేది ఒక్కచోట, అదీ పలక విరిగిన చోట. మొదటి అక్షరం రెండుసార్లు వచ్చింది, ఆ భాషలో అలా వస్తే పదేపదే చేసే పని అయ్యుండాలి. ఇంతవరకు శాస్త్రమే. పక్కన రొట్టె అనే మాట ఉంది. పదేపదే... రొట్టె... 'పిసుకు' అని రాసేశాను. ఇక్కడ శాస్త్రం సెలవు పెట్టింది. ఆ రోజు మల్లేశ్ కూడా.

ఫోన్ చేశాను. "అన్నా, ఒక్క క్రియ చూసి పెట్టవా?"

"మా అక్క కొడుకు పుట్టెంట్రుకలు తియ్యనీకి గుట్టకొచ్చిన. పాస్‌వర్డ్ చెప్త, నువ్వే టిక్ కొట్టుకో. ఫికర్ చెయ్యకు."

కంప్యూటర్‌కి టిక్ ఒక్కటే చాలదట, పరీక్షించినవాడు వ్యాఖ్య కూడా రాయాలట. 'బాగుంది' అని ఊరుకుంటే మీకు ఇప్పుడు చదవడానికేమీ ఉండేది కాదు. "ఈ యువ పండితుడి సూక్ష్మదృష్టి నన్ను అబ్బురపరిచింది" అని మల్లేశ్ పేరున రాశాను. చదువుకుని కాస్త సిగ్గుపడ్డాను కూడా.

సోమవారం మేనేజర్ సుబ్బలక్ష్మి గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. "ప్రొఫెసర్ గారికి మీ వ్యాఖ్య తెగ నచ్చినట్టుందండీ మల్లేశ్ గారూ. మీ ఇద్దరితో ఇప్పుడే మాట్లాడతారట."

"ఏం వ్యాఖ్యరా?" అన్నాడు మల్లేశ్ నా చెవిలో. నేను నోరు తెరిచేలోపు తెర మీద ప్రొఫెసర్ ప్రత్యక్షమయ్యాడు.

"మల్లేశ్, అది 'పిసుకు' అని మీరెలా ఒప్పుకున్నారు?"

మల్లేశ్ నిజాయితీపరుడు. మా అంతస్తులో ఆ జబ్బు అతనొక్కడికే ఉంది.

"నేనెక్కడ ఒప్పుకున్న సార్? పక్కన రొట్టె ఉంటే పిసుకుడేనా? తుంచొచ్చు, పంచొచ్చు, కాల్చొచ్చు. పలకనే పలిగిపాయె. తెల్వదని రాయాలె గదా!"

"నా అభిప్రాయమూ సరిగ్గా అదే! మరి శుక్రవారం అంతలా ఎందుకు పొగిడారు?"

"శుక్రవారం అతను సెలవండీ," అన్నారు సుబ్బలక్ష్మి గారు ఎంతో సాయంగా. అనేశాక, తానేమన్నారో తనకే తట్టి, మెల్లగా నా వైపు తిరిగారు.

"మరి పొగిడిందెవరండీ?" అని నన్నే అడిగారు.

"నేనేనండీ."

"ఎవర్ని?"

"నన్నేనండీ."

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నిఘంటువులో ఆ క్రియకు ఎదురుగా 'పదేపదే చేయు పని. ఏ పనో తెలియదు' అని పడింది. నా ఉద్యోగం సంగతీ ఇంచుమించు అదే. ఇంకో ఆరు నెలలు పరీక్షాకాలం, పరీక్షించేవాడు మల్లేశ్.

కనుక పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ కట్టె కాలేదాకా ఇంకొకరి పేరుతో నన్ను నేను పొగుడుకోను. అంతగా అవసరమైతే సొంత పేరుతోనే కానిస్తాను. నా గురించి అంత బాగా రాయగల పండితుడు ఇంకొకడు దొరకడం కూడా కష్టమే.