గిన్నెల మిషన్‌ల నిలిచిన నీళ్లు

చక్కెర ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు ఫిట్టర్ పని చేస్తే చివరికి నా ఒంట్ల చక్కెర మిగిలింది. కంటి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు అది దిగాలన్నరు డాక్టర్లు. బోధన్ల ఉంటే నేను నోరు కట్టుకోనని మా ఇంటామెకు తెలుసు. అందుకే నిజామాబాదుల ఉన్న మా బిడ్డ ఇంటికి నన్ను తోలింది. బిడ్డ సర్కారు బడిల టీచరు. అల్లుడు ఒక ఆఫీసుల కంప్యూటర్ ముందు కూసుండే నౌకరి చేస్తడు.

గిన్నెలు కడిగే మిషన్‌ను నేను మొదటిసారి చూసింది ఆ ఇంట్లనే. గిన్నెలు తోముడు ఇద్దరు వంతులేసుకున్నరట. అల్లుని వంతు వచ్చినప్పుడల్లా ఆయన చేతులు పొక్కుతున్నయట, అందుకని కొన్నరట. అల్లునిది మోస్రా ఊరు. మోకాలు లోతు బురదల వరి నాటిన ఇంటి పిల్లగాడు. సబ్బు నీళ్లకు చర్మం పొక్కుతదని ఆయన చెప్తుంటే నేను గోడ దిక్కు చూసిన.

ఇగ ఆ మిషన్ సంబురం చూడాలె. ముందు మెతుకులన్ని తీసి పారేసుడు. తర్వాత నల్ల కింద ఒకసారి కడుగుడు. తర్వాత గాజుల దుకాణంల గాజులు పేర్చినట్టు ప్లేట్లు పేర్చుడు. ఇంత చేసినంక అది రెండున్నర గంటలు తిరుగుతది. రెండున్నర గంటల్ల మా ఫ్యాక్టరీల చెరుకు రసం పాకమై గింజ కట్టేది. ఇంత చేసి తీస్తే గ్లాసుల మీద తెల్లటి పొర. బోరు నీళ్ల సున్నం అది. రసం మరిగించే పాత్రల గొట్టాలకు గిట్లనే పొర పడితే మేము పని బందు పెట్టి గీకేటోళ్లం. ఈ సున్నాన్ని ఆపేటందుకు మిషన్ అడుగున ఉప్పు పోసే డబ్బా ఒకటి ఉన్నది. అల్లుడు దాని మూత ఒక్కసారి గూడ తియ్యలే.

ఒకనాడు ఇద్దరు పనికి పోయినంక నేను మిషన్ తలుపు తెరిచి చూసిన. అడుగున ఒక జాలి డబ్బా, నీళ్లల్ల వచ్చే మెతుకులు అందుల ఆగుతయి. దానికి జిడ్డు పట్టి ఉన్నది. ఇంత చదువుకున్నోళ్లకు జాలి కడగాలన్న తెలివి లేకపాయె అనుకుని నేనే తీసి, బ్రష్షు పెట్టి రుద్ది కడిగిన. పెట్టే కాడ బాణం గుర్తు ఒకటి, తాళం గుర్తు ఒకటి ఉన్నయి, పిల్లల ఆటవస్తువుల మీద ఉన్నట్టు. నాకు గుర్తులు చూపెట్టేటోడు ఎవడు? దాని స్థానంల పెట్టి వత్తిన, కూసున్నది.

తర్వాత నాలుగు రోజులకు నా కంటి ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు తల వంచొద్దు, బరువు లేపొద్దు అన్నరు. నల్లద్దాలు పెట్టుకుని వంటింటి పక్కన కుర్చీల కూసుంటుంటి. అగో, ఆ వారంలనే మిషన్ ఆగింది. తలుపు తీస్తే అడుగున బెత్తెడు మురికినీళ్లు. మళ్ల నడిపిస్తే గుయ్యిమని మూలుగుతది గని నీళ్లు బయటికి పోతలేవు.

కంపెనీ నుంచి ఒకడు వచ్చిండు. ఇస్త్రీ అంగీ, మెడల కార్డు, చేతుల ఫోను. తలుపు తీసి, నిలబడ్డకాడ్నే లోపలికి తొంగి చూసిండు. రెండు బటన్లు వత్తి, మూలుగుడు విని, "డ్రైన్ పంప్ పోయింది మేడం. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలె, పది రోజులు పడతది" అన్నడు.

"నువ్వు పంపు చూసినవా?" అని అడిగిన.

"సౌండ్ ఇంటే తెలుస్తది అంకుల్."

మా ఫ్యాక్టరీల పంపు మీద చెయ్యి పెట్టకుండ అది సచ్చిందని చెప్పినోన్ని చెరుకు బండ్లకు చీటీలు రాయ పంపేటోళ్లు. ఈడు చీటీ గూడ రాయలే, ఫోన్ల ఏదో కొట్టుకుని పోయిండు.

ఐదు రోజులు బిడ్డ పొద్దుగాల లేచి గిన్నెలన్ని తోముకుని బడికి పోయింది. నేను ఐదు రోజులు అల్లున్ని తిట్టిన, ఆయన ముందట కాదు, బిడ్డ ముందట. పచ్చడి ప్లేటు అట్లనే పెడతడని, గింజలు దులపడని, మనిషికి యంత్రమంటే భయం ఉండాలెనని. బిడ్డ తోమే గిన్నెల సప్పుడు మాత్రం కొంచెం పెరిగింది.

ఆదివారం అల్లుడు వరి కోపిచ్చుడు ఉందని మోస్రాకు పోయిండు. బిడ్డ కొంగు నడుముకు దోపుకుని, మిషన్ ప్లగ్గు తీసి, నీళ్ల నల్ల కట్టేసింది.

"ముందు వెనక పైపు సూడు బిడ్డా. మడత పడ్డది. అదే రోగం" అన్న కుర్చీల నుంచి.

"పైపు నిన్ననే చూసిన బాపు. బాగనే ఉన్నది."

"నీకు తెల్వదు. మిషన్ బయటికి గుంజు."

గుంజింది. లోపలి మురికినీళ్లు పొర్లి వంటిల్లంత పారినయి, అల్మారా కాళ్లు తడిసినయి, బియ్యం సంచి అడుగు తడిసింది. పైపు సాపుగ, ఏ మడత లేకుండ ఉన్నది. బిడ్డ పాత చీరతోని నేలంత తుడిచి, చీర పిండి, అప్పుడు మాట్లాడింది.

"బాపూ, నేను అడిగినప్పుడు చెప్పు. అప్పటిదాక ఊకె కూసో."

మా ఇంటామె గూడ నాతోని ఎన్నడు అట్ల అనలే. కోపం వచ్చింది గని తల వంచరాని మనిషి కోపం ఎంత దూరం పోతది? ఊకె కూసున్న.

ఆమె మిషన్‌తోని ఇచ్చిన పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నది. గ్లాసుతోని నీళ్లు తోడి, మిగిలినయి గుడ్డతోని అద్దింది. కింది అర తీసి పక్కకు పెట్టింది. తర్వాత జాలి డబ్బాను పట్టుకున్నది. పట్టుకోంగనే చేతులకు వచ్చింది.

"ఇది తిప్పకుండనే వచ్చింది" అన్నది, తనలో తనే అనుకున్నట్టు. "తిప్పి, టక్కుమనేదాక బిగించాలె. ఊకె పెడితే పక్క సందుల నుంచి గింజలు లోపలికి పోతయి."

నేను కిటికీ దిక్కు చూసిన. నల్లద్దాలు ఉండుడు ఆ రోజు మంచిదైంది.

జాలి కింద, పక్కకు, పంపుకు ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉన్నది. చెంచా కాడ పెట్టి లేపింది. వేలు పెట్టబోతుంటే ఊకుండలేకపోయిన. "వేలు పెట్టకు. గాజుపెంకు ఉంటే కోసుకపోతది. ముందు రబ్బరు తొడుగు ఏసుకో."

వేసుకున్నది. పంపు లోపలి చిన్న రెక్కల చక్రాన్ని తిప్పబోయింది. "తిరుగుతలేదు బాపు."

"బలం పెట్టకు. జర ముందుకు, జర ఎనకకు ఆడించు. ఏ దిక్కు తట్టుకుంటున్నదో నీ వేలికే తెలుస్తది."

ఆడించింది. కండ్లు మూసుకుని ఆడించింది. నేను చూస్తున్న. ఈ పిల్ల ఆరో తరగతిల ఉన్నప్పుడు, గానుగ సీజన్ల ఫ్యాక్టరీ లోపల చూస్త బాపు అని వారం రోజులు వెంటపడ్డది. ఆడపిల్లకు ఆడ ఏం పని అని ఎల్లగొట్టిన. ఎందరో మొగపిల్లలకు పని నేర్పిన, వాళ్లల్ల సగం మంది పానాను సుత్తె లెక్క వాడేటోళ్లు.

కనుబొమ్మలు తీసుకునే పట్టుకారు తెచ్చి ముందు ఒక చింతగింజ తీసింది. దాని వెనక, టీ గ్లాసుది కావచ్చు, వేలిగోరంత గాజుపెంకు. రెంటిని సాసర్ల పెట్టి మళ్ల చక్రం తిప్పింది. అది నున్నగ తిరగలే, ఆగి ఆగి తిరుగుతున్నది.

"ఇంకా ఏదో ఉన్నది. బేరింగ్ పోయింది" అన్న.

ఆమె పుస్తకం చూసింది. "లేదు బాపు. లోపల అయస్కాంతం ఉంటదట. ఇట్ల ఆగి ఆగి తిరుగుడే సరైనదట."

అయస్కాంతం పంపు నేను ఎన్నడు విప్పలే. ఆ మాట ఒప్పుకోలే, కాదని గూడ అనలే.

మూత పెట్టింది. జాలి కడిగి, పెట్టి, తిప్పింది. టక్కుమన్న సప్పుడు నాకు కుర్చీలకు వినబడ్డది. మిషన్‌ను జరిపి, నల్ల విప్పి, ప్లగ్గు పెట్టి, రెండు చెంబుల నీళ్లు పోసి బటన్ వత్తింది. ఒక్క నిమిషం మూలిగి, సింకు కింద పైపుల నీళ్లు దూకినయి. ముప్పై ఏండ్లు పంపుల నడుమ బతికినోన్ని, ఆ సప్పుడుకు నా రొమ్ము నిండింది. ఆ వెంటనే సిగ్గయింది.

"ఆ జాలి కడిగి పెట్టింది నేనే బిడ్డా" అన్న.

"తెలుసు. ఆయన దాన్ని ముట్టనే ముట్టడు. నేను పెడితే తిప్పి పెడత. ఇగ మిగిలిందెవరు?"

"మరి ఐదు రోజులు నేను ఆయన్ని తిడుతుంటే ఎందుకు ఊకున్నవు?"

"జాలి సంగతి ఇయ్యాల్నే కదా తెలిసింది. అయినా ఆయన ప్లేట్లు దులపడు. అది నిజమే కదా."

పొద్దూకినంక అల్లుడు వస్తే ఆయనకు జాలి సంగతి నేనే చెప్పిన. ఆయన సాసర్ల గాజుపెంకును చూసి, "పోనీ మామా, మిషన్ బతికింది కదా" అన్నడు. ఆ మంచితనం నాకు తిట్టుకన్న ఎక్కువ తగిలింది. అన్నం తిన్నంక ఆయన పప్పు గిన్నెను బోర్లించకుండ, నోరు పైకి పెట్టి అరల పెట్టిండు. అట్ల పెడితే అందుల నీళ్లు నిలుస్తయి. నేను ఏమనలే.

బుధవారం కంపెనీ పిల్లగాడు మళ్ల వచ్చిండు, అట్టపెట్టెల కొత్త పంపుతోని. పది రోజులన్నది ముందుగాలనే వచ్చింది. మిషన్ నడుస్తుంటే చూసి, "ఎవరు చేసిండ్రు?" అన్నడు.

"మా బిడ్డ."

"ఒక్కోసారి దానంతటదే సెట్ అయితది అంకుల్."

చింతగింజ చూపెట్టుదామనుకున్న, గని వాని మొఖం చూసి మనసొప్పలే. బిడ్డ మాత్రం ఈ బోరు నీళ్లకు ఉప్పు ఎంత మోతాదుల పెట్టాలె, మిషన్ల ఆ మోతాదు నంబరు ఎట్ల మార్చాలె అని అడిగింది. వానికి తెల్వదు. ఆమె పుస్తకంల ఆ పేజీ తీసి సదివి వినిపిస్తే వాడు ఫోన్‌తోని ఫోటో తీసుకున్నడు. మిషన్లు బాగుచేసేటోడు మా బిడ్డ కాడ పాఠం ఫోటో తీసుకుని పోయిండు.

డబ్బాల ఉప్పు పోసినంక గ్లాసులు తెల్లబడుడు ఆగింది. అంతకుముందే పాడైన నాలుగైదు గ్లాసులు మాత్రం ఎంత తోమినా మసకగనే ఉన్నయి. ఆ మిషన్ మీద నాకు ఇప్పటికీ మర్యాద లేదు. నాలుగు గిన్నెలకు అంత తతంగం ఎందుకో నాకు సమజ్ కాదు.

దసరాకు బిడ్డ బోధన్‌కు వచ్చింది. ఆ రోజే మా వాకిట్ల నీళ్ల సంపు మోటరు పట్టేసింది. పక్కింటోళ్లు ఎలక్ట్రిషియన్‌ను పిలుస్తమన్నరు. నేను వద్దన్న. మోటరున్న గుంతల చీకటి, నా కన్ను ఇంకా పూర్తిగ కుదురుకోలే. పానా తెచ్చి ఆమె చేతికిచ్చి, టార్చి నేను పట్టుకున్న. కిందికి దిగి రెండు బోల్టులు ఇప్పి, తల ఎత్తకుండనే అన్నది.

"వెలుగు నా చేతుల మీద పట్టు బాపు, నా మొఖం మీద కాదు."