ముందు నంబరు కోసే మామయ్య

మొన్న సోమవారం పొద్దున్న మా పెద్ద మామయ్య పోయారు. కొన్నాళ్ళుగా ఆయాసంతో బాధపడుతున్నారు. కంకిపాడులో సమాధి చేసి వచ్చాం. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పాత బళ్ళు విప్పి, ఇనుము వేరు, అద్దాలు వేరు, రబ్బరు వేరు చేసి అమ్మిన మనిషి. చివరి చూపుకి వచ్చినవాళ్ళలో సగంమంది గ్రీజు మరకల చొక్కాలతో పనిలోంచి అలాగే వచ్చారు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ బండి వచ్చినా ముందు ఛాసిస్ మీద నంబరున్న ముక్క కోసి ఓనరు చేతిలో పెట్టేవారు. "ఇది రవాణా ఆఫీసులో ఇచ్చి ఆర్‌సీ రద్దు చేయించుకోండి" అని చెప్పి, నాలుగు రోజులకు ఫోన్ చేసి మరీ అడిగేవారు. కొందరు బండికి ఆఖరుసారి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఆదివారం చర్చి మానని మామయ్య, ఆ తంతు అయ్యేదాకా కట్టర్ పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇంజనాయిలు చుక్క కూడా కాలవలోకి పోనిచ్చేవారు కాదు. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాప్ కేంద్రాలు వచ్చాక, "అక్కడైతే సర్టిఫికెట్ ఇస్తారండీ, అక్కడికే పొండి" అని తన బేరాలు తనే పంపించేశారు. అత్తయ్య సణిగేది.

నాకూ అదంతా చాదస్తంగానే కనపడేది. నేను కర్రీ పాయింట్ నడుపుతాను. క్యారేజీలు చేరవేసే మా వ్యాన్ అడుగుభాగం సాంబారు ఒలికీ ఒలికీ తుప్పు పట్టింది, బ్రేకులు సగమే పడేవి. మామయ్య దగ్గరికి తీసుకెళ్తే ఆఫీసుల చుట్టూ తిప్పుతారని, "విడిభాగాలకి విప్పేస్తానండీ" అన్న ఒకాయనకు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను.

తెలిశాక మామయ్య తిట్టలేదు. "బండి పనైపోయిందని మనం అనుకుంటే చాలదమ్మాయ్. కాగితం మీద కూడా అయిపోవాలి. లేకపోతే ఎక్కడో చోట తిరుగుతానే ఉంటది" అన్నారు. నేను నవ్వేశాను.

నాలుగు నెలల తర్వాత ఇద్దరం ఆయన కారులో పామర్రు చుట్టాలింటికి వెళ్తున్నాం. ముందు పిల్లలతో ఒక వ్యాన్ పోతోంది. "అమ్మాయ్, అది నీ బండి కాదూ?" అన్నారు. పసుపు రంగు కొట్టారు గానీ నంబరు నాదే.

మామయ్య కారు దాని పక్కకి తెచ్చి చెయ్యి ఊపి ఆపించారు.

"స్కూలుకి లేటైపోద్దండీ" అన్నాడు డ్రైవరు.

మామయ్య తలుపు తీసి, కింద పరిచిన పట్టా ఎత్తారు. అరచెయ్యంత చిల్లు. దాని పక్కనే కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పాప, "ఇందులోంచి రోడ్డు కనపడుద్ది తాతా. మేం రోజూ చూస్తాం" అంది సంబరంగా.

అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"కాగితాల్లో ఇంకా ఈవిడే ఓనరు" అన్నారు మామయ్య డ్రైవరుతో. నా మొహం చూడలేదు. "చెప్పమ్మా."

"ఈ బండి ఇంక కదలదు" అన్నాను. డ్రైవరు కాసేపు వాదించి, ఎవరికో ఫోన్ చేసి, చివరికి తాళాలు ఇచ్చాడు. ఆ సాయంత్రమే నంబరు కోయించాను, మర్నాడే ఆఫీసుకి వెళ్ళాను. మీ ఇంటి ముందు పాత బండి పడుంటే, దయచేసి మీరూ ఆ రెండు పనులూ దగ్గరుండి చేయించండి. కొన్నవాడు చేస్తాడులే అనుకోకండి, నేను అలాగే అనుకున్నాను.

ఆ రోజు బండి ఆపిన చోటికి స్కూలు దగ్గరే, పిల్లల్ని నడిపించే తీసుకెళ్ళాం. మామయ్య పిల్లల సంచులన్నీ తన రెండు భుజాలకీ తగిలించుకున్నారు. పిల్లల్ని లోపలివైపు వరసగా నిలబెట్టి, తను రోడ్డు వైపు నడిచారు. లారీ వచ్చినప్పుడల్లా ఆగి చెయ్యి అడ్డం పెట్టేవారు. పిల్లలు ఆ చేతి కిందనుంచి తలలు బయటికి పెట్టి లారీని చూసేవాళ్ళు. అది దాటిపోయాక, వెనక నేనున్నానో లేదో ఒకసారి చూసుకుని, మళ్ళీ నడిచేవారు.