పేరు పెట్టి పిలిచినందుకు

ఆ రోజుల్లో మనిషన్నవాడు పుస్తకం చదివి ఎదగాలని మా తరం గట్టిగా నమ్మింది. దేశం తలుపులు తెరిచారట, విదేశీ కంపెనీలు వస్తున్నాయట, కేబుల్ టీవీలో కోటు వేసుకున్న ప్రతివాడూ చేతులూపుతూ నవ్వుతున్నాడు. మనం మాత్రం ఇలాగే ఉండిపోతామా అని ఒకటే బెంగ. (మొన్న అలాంటి పుస్తకమే కొత్తది కొని, రెండో అధ్యాయంలోనే గురక పెట్టాను. ఈ గొడవంతా గుర్తుచేసింది అదే.) సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి రాజమండ్రి నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ బయల్దేరినప్పుడు నా పెట్టెలో ఆవకాయ జాడీ, దాని పక్కనే ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం ఉన్నాయి. దారిలో జాడీ కారి పుస్తకానికి నూనె పట్టింది. అయినా వదల్లేదు, రైలు దిగేసరికి కంఠతా పట్టేశాను.

ఆ విద్య ప్రయోగించడానికి దొరికిన మొదటి అవకాశం నా పెళ్లిచూపులు. మా స్టోర్స్‌లో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అందరం మామా అనేవాళ్లం. ఆయనే కోర్పనా దగ్గర పత్తి పండించే తెలుగువాళ్లింట్లో సంబంధం చూశాడు. పిల్ల ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఈ అమ్మాయి కాదంటే నా బతుకు మెస్సు రొట్టెలకే అంకితమని తేలిపోయింది.

గడపలోనే పిల్ల తండ్రి "రాంరాం" అంటూ రెండు చేతులూ జోడించాడు. పుస్తకంలోని మొదటి సూత్రం గట్టి కరచాలనం. ఆ జోడించిన చేతుల్లోంచి ఒకటి లాక్కుని, ఆత్మవిశ్వాసం ఉట్టిపడేలా పిసికాను. ఆ వేలికి పొద్దున్నే చేలో ముల్లు దిగిందట. "అవ్వో!" అని కేక పెట్టాడు. మామ ముఖం తిప్పుకున్నాడు.

రెండో సూత్రం, మనసు గెలవాలంటే ఎదుటివాణ్ణి మాటిమాటికీ పేరు పెట్టి పిలవాలి. పిలిచాను. (ఆ పేరు ఇప్పుడు రాయమన్నా చెయ్యి ఆడదు.) 'గారు' తగిలిస్తే సూత్రం పలచబడుతుందని అదీ తీసేశాను. పంట ఎలా ఉందన్నా ఆ పేరే, నీళ్లు చల్లగా ఉన్నాయన్నా ఆ పేరే. ఇంటి ఇల్లాలు కూడా నోటితో పలకని పేరు! లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మామ నా కాలు తొక్కాడు. ప్రోత్సహిస్తున్నాడనుకుని ఇంకోసారి పిలిచాను.

ఇంతలో అమ్మాయి చాయ్ తెచ్చింది. సూటిగా కళ్లలోకి చూడాలన్నది మూడో సూత్రం కాబట్టి, రెప్ప వేయకుండా చూశాను. కాసేపటికి నా కళ్లు ధారగా కారాయి.

"బాపూ, ఈయనకు కండ్లు మంచిగున్నయా? గట్ల ఏడుస్తుండేంది?" అంది.

మామ నన్ను బయటికి ఈడ్చుకొచ్చాడు. "నీకేమన్న సోయున్నదా? పెద్దమనిషిని పేరు వెట్టి పిలుస్తవా? ఇగ అయిపోయింది, నడువు" అన్నాడు. పుస్తకంలో ఇలాంటప్పుడు ఏం చేయాలో రాయలేదు.

మేమిద్దరం ఎక్కొచ్చిన మామ స్కూటరు మొరాయించబట్టి బతికిపోయాను. పిల్ల తండ్రి వేలికి పసుపు గుడ్డ చుట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"ఆగు పిలగా. ఊరంత నన్ను పటేల్ అంటది. నన్ను గన్న అవ్వ పోయినంక పేరు వెట్టి పిలిచెటోళ్లే లేరు. ఇయ్యాల నువ్వు పిలుస్తుంటే, అవ్వ బువ్వకు పిలిచినట్లె అనిపించింది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్లనడుగుత. అది ఊ అంటే నేను గూడ ఊ అంట. జర చెయ్యి మాత్రం వట్టకు."

ఊ అంది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, తెలుగు చదవడం రాదు. పెళ్లయ్యాక ఆ నూనె పుస్తకంతోనే అక్షరాలు నేర్పాను. అందులోంచి ఆమె ఏరుకున్నది రెండో సూత్రమొక్కటే. మామూలు రోజుల్లో పక్కింటి మరాఠీ ఆడవాళ్లలాగే "అహో" అని, అంటే మన ఏమండీ అని, పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం వీధి చివరిదాకా వినపడేలా నా పేరు పెట్టి పిలుస్తుంది. అదేమిటంటే, "నీ పుస్తకంలనే ఉన్నది గదా!" అంటుంది.

ఇప్పుడు అమ్మా నాన్నా లేరు. పిల్లనిచ్చిన ఆ మామగారూ లేరు. ఆఫీసులో సార్ అనేవాళ్లు, కాలనీలో అంకుల్ అంటున్నారు. నా పేరు తెలిసిన నోరు ఒక్కటే మిగిలింది. అందుకే పొద్దున స్నానం కాగానే తడి తువ్వాలు మంచం మీద పడేసి, వసారాలో కుర్చీ వేసుకుని, చెవులు రిక్కించుకుని కూర్చుంటాను.