ముందటి కాగితం పక్కన

సాయంత్రం పాపకు రక్తం తీసినచోట అదిమిన దూది వాసన ఇంకా నా వేళ్ళను వదల్లేదు. స్పిరిట్ వాసన. నాకది నరసమ్మత్త వాసన. రాజ్‌కిశోర్ నగర్‌లో మా పక్కింటావిడ. ఆసుపత్రి ల్యాబులో జీవితమంతా రక్తపరీక్షలు చేసి రిటైరైన మనిషి.

నేను కడుపుతో ఉన్నప్పుడు ప్రతి రిపోర్టూ ఆవిడకు చూపించేదాన్ని. తెల్లకణాల అంకె పక్కన హద్దు దాటిందని చెప్పే చుక్క కనిపిస్తే చాలు, నా గుండె జారిపోయేది. ఆవిడ నవ్వేది. "ఏటే ఆ మొహం? కడుపుతో ఉంటే అవి పెరుగుతాయి. ఈ అచ్చేసిన హద్దులు నీకోసం కాదు." పెన్సిలుతో మూల ఎన్నో నెలో వేసి ఫైల్లో పెట్టేది. ఎందుకు పెరుగుతాయి, ఎంతవరకు పెరగొచ్చు అని అడగందే నేను వదిలేదాన్ని కాదు. "అచ్ఛా, నీకే ల్యాబులో డ్యూటీ వెయ్యాల్సింది," అనేది.

ఆరో నెలలో ఓ పొద్దున కుడిపక్క నొప్పి మొదలైంది. బొడ్డుకు పైన కాబట్టి అపెండిక్స్ కాదనుకున్నాను. పెరిగే గర్భం దాన్ని పైకి నెట్టగలదని నాకప్పుడు తెలియదు. వాంతులయ్యాక దగ్గర్లోని సర్కండాలో ఓ ల్యాబులో రక్తపరీక్ష చేయించుకున్నాను. మళ్ళీ చుక్క. మామూలేనని కాగితం మడిచేశాను. నిజానికి, ఆపరేషనంటే బిడ్డ ఏమవుతుందోనన్న భయమే నాచేత అలా అనిపించింది.

సాయంత్రం గోడ పట్టుకు నిలబడ్డ నన్ను చూసి అత్త కాగితం లాక్కుంది.

"చుక్క మామూలేనని మీరేగా చెప్పారు?"

"చుక్కని చూసి చెప్పానేటే? ముందటి కాగితం పక్కనెట్టి చెప్పాను!" ఆవిడ కోపం అదే మొదటిసారి చూడటం. ఫైలు చంకన పెట్టుకుని ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ కాగితాలు వరసగా పరిచింది. నెలనెలా దాదాపు ఒకేచోట నిలిచిన అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఒంట్లో వాపును పట్టిచ్చే సి.ఆర్.పి. కూడా ఎక్కువే వచ్చింది. స్కానింగులో అపెండిక్స్ సరిగా కనబడలేదు.

"అయితే రక్తమే చెప్పేసిందా అత్తా?" ఆ నొప్పిలోనూ అడిగాను.

"రక్తం అనుమానం చెప్తాది. తేల్చేది డాక్టరమ్మ చెయ్యి. నోర్ముయ్యి."

డాక్టరమ్మ మళ్ళీ పొట్ట నొక్కి చూసి సర్జన్‌ను పిలిపించింది. అపెండిక్స్ పగలకముందే తీసేశారు. నెలలు నిండాకే పాప పుట్టింది.

అత్త ఇప్పుడు లేదు. పాప జ్వరంతో నా పక్కన పడుకుంది. రిపోర్టులో చుక్క ఉంది. గుండె జారింది, అలవాటు ప్రకారం. తర్వాత లేచి, పాప ముందటి కాగితం వెతికి పక్కన పెట్టాను. అచ్చేసిన హద్దులు పెద్దవాళ్ళవి. పెన్సిలు తీసి మూల రాశాను: పదకొండో నెల. పొద్దున డాక్టరమ్మను అడగాల్సినవి వెనకవైపు రాస్తుంటే, కాగితం చాలలేదు.