ప్రసంగానికి ముందే శాలువా

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో లోకమంతా నాకు తప్పుల తడకగానే కనిపించేది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ సాంబారులోనూ లోపాలు వెతికేవాణ్ణి (దొరికేవి కూడా). ఆఫీసులో నేను పట్టుకున్న మొదటి పెద్ద లోపం మా బస్సు టికెట్ల యాప్‌ది. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఒకే సీటు ఇద్దరికీ ఇచ్చేసేది. మా టీమ్ లీడ్ అన్న, “ఇద్దరు ఒక్కటే సెకన్ల ఒక్కటే సీటు నొక్కుతరా భాయ్? నీకు మస్తు ఖాళీ టైమున్నది” అని నవ్వి, అది అసలు లోపమే కాదంటూ, కంప్యూటర్లో నేను నమోదు చేసిన ఫిర్యాదును మూసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పంజాగుట్ట హోటల్లో జరిగే టెస్టింగ్ సదస్సులో కొత్తవాళ్ళూ మాట్లాడవచ్చని తెలియగానే పేరిచ్చాను. అన్నను బతిమాలి ముందు వరుసలో కూర్చోబెట్టాను. నలుగురి ముందూ ఒప్పించి, ఆ ఫిర్యాదును మళ్ళీ తెరిపించాలని నా పంతం.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, తీరిగ్గా మాట్లాడారు. నా వంతు వచ్చిందనుకుని లేవగానే నిర్వాహకుడు (శాలువాల సారు అందాం) నా భుజాన శాలువా కప్పేశారు.

“సార్, నేనింకా మాట్లాడలేదండీ!”

“పర్లేదు బాబూ, ఫొటోగ్రాఫర్‌కి ఖైరతాబాద్‌లో ఇంకో ఫంక్షనుందిట. ముందు సన్మానాలు కానిచ్చేద్దాం.”

మైకులో ‘చక్కగా ప్రసంగించిన యువ వక్త’ అన్నారు. చప్పట్లు మోగాయి. శాలువా పడ్డాక మాట్లాడేసినట్టే లెక్క కదా, వెంటనే వందన సమర్పణ, జాతీయగీతం. అదయ్యాక మన సభల్లో ఎవరు కూర్చుంటారు? పరీక్షించకుండా ‘పాస్’ అని రాయకూడదని లోకానికి బోధించే సదస్సండీ ఇది! వినని ప్రసంగానికి చప్పట్లు ఒక తప్పు, చేయని పనికి శాలువా రెండో తప్పు, అది కప్పించుకుని నవ్వుతూ ఫొటో దిగిన నేను మూడో తప్పు.

బిర్యానీ వరుసలో అన్న వెనకే నిలబడి, శాలువాతోనే నా ప్రసంగం మొదలుపెట్టాను.

“జర తిననియ్యి తమ్మీ!”

“వినాల్సిందే అన్నా!”

సరిగ్గా అప్పుడే బిర్యానీ పాత్రలో మిగిలిన ఒక్క లెగ్ పీస్ మీదికి ఇటు నుంచి అన్న గరిటె, అటు నుంచి శాలువాల సారు గరిటె ఒకేసారి దిగాయి.

“అదిగో అన్నా! ఒకే సీటు, ఇద్దరు!” అని అరిచాను.

వరుసంతా మావైపు తిరిగింది. అన్న ముక్క వంక, నా వంక చూసి గరిటె వదిలేశాడు. “సరే, సోమవారం మళ్ల తెరువు. నేను సుత చూస్త.”

ఆ తర్వాత చాలా వేదికలెక్కాను, మర్యాదగా, సమయానికి ముగించాను. వినేవాడి చేతిలో అన్నం పళ్ళెం ఉన్నా వదలని ఆ కుర్రాడంత బాగా మాత్రం మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేకపోయాను.