పచ్చగీత చార్టమ్మ

"బిడ్డ ఎముకలు తేలిపోతున్నాయమ్మా, ఇంకో పాలపొడి పొట్లం ఇప్పించండి" అని ఒక తల్లి బతిమాలితే, పోషకాహార కేంద్రంలో తూకాలు రాసే చార్టమ్మ ఆమె ముక్కు ముందు కార్డు ఆడించింది. "పచ్చగీత మీదుంది నీ కూతురు, అంటే బరువు సరిపోయినట్టే. నీ కళ్ళు ఎక్కువా, కార్డు ఎక్కువా?" తల్లి బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గిన్నెలు తోముతూ వంటమ్మ అంతా చూసింది. రెండో పొట్లం బక్కబిడ్డలకే. బక్కబిడ్డలున్నారని రాస్తే చార్టమ్మకు చెడ్డపేరు. అందుకే ఆ మహాతల్లి పిల్లల్ని చెప్పులతో, దుప్పటితో, చేతిలో గిలక్కాయతో సహా తూచేది. బిడ్డను ముట్టుకున్న ప్రతిసారీ చేతులు తుడుచుకునేది. గోడమీది బొమ్మలో బొద్దుపాపకు మాత్రం రోజూ ముద్దుగా దుమ్ము దులిపేది.

ఆ తల్లి వెళ్ళి మొరపెట్టుకుంటే, బక్కపిల్లను మర్నాడు తన ఎదుటే తూచాలని పైఅధికారి కబురు పెట్టాడు. ఇన్నాళ్ళూ వంటమ్మను "ఏయ్" అని పిలిచిన చార్టమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. గొంతులో తేనె కారుతోంది.

"పిన్నీ, నీ మనవరాలు బొద్దుగా ఉంటుంది కదూ! రేపు ఆ పిల్లకి బదులు దాన్ని కూర్చోబెడదాం. పొద్దున్నే కడుపునిండా పాలు పట్టి మరీ తీసుకురా."