అమెరికా వకీలూ, మా ఎకరం పొలమూ

ఆ రోజుల్లో నాకు నలభై ఆరేళ్లు. నా అక్షరాలకు మాత్రం ఆరు నెలలు. అందుకే వాటిని నా చిన్నతనపు రోజులంటే మీరు నవ్వకూడదు. చిన్నపిల్లలు చీకటికి భయపడతారు, నేను కాగితానికి భయపడేదాన్ని. ఊరికే కాదు. మా మామ బతికుండగా పింఛను దరఖాస్తు అని చెప్పి ఒక నల్లకోటు వకీలు ఆయనతో వేలిముద్ర వేయించుకున్నాడు. పింఛను రాలేదు కానీ, ఆలూరు దగ్గర మాకున్న అర ఎకరం పోయింది. ఆ నల్లకోటాయనే తర్వాత ఎలక్షన్లలో నిలబడి గెలిచి, మెడ నిండా దండలతో మా వాడకు వచ్చి మా మామకే దండం పెట్టాడు. అప్పటినుంచి ఎవరి చేతిలో కాగితం కనబడినా నా బొటనవేలు దానంతట అదే పిడికిట్లోకి దూరిపోయేది. (పెళ్లికార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నా పిడికిలి చూసి, ఈమెకు మా మీద కోపమేమిటా అని వెనక్కి తగ్గేవాళ్లు.)

ఎంకపల్లిలో కూలిపని ముగిశాక, సాయంత్రాలు చర్చి వెనక గదిలో మాకు చదువు చెప్పింది పాస్టరుగారి కోడలు. మేమంతా టీచరమ్మ అనేవాళ్లం. మొదటిరోజే మా ఇద్దరికీ పడలేదు.

"పెద్దమ్మా, బొటనవేలు బయటికి తియ్యి. దాసుకుంటే పెన్ను ఎట్ల పట్టుకుంటవ్?"

"జర ఆగమ్మా. ఈ కాగితంల ఏమన్న రాసున్నదా?"

"ఉత్త తెల్ల కాగితం పెద్దమ్మా!"

"తెల్లదైతెనే ఎక్కువ ఫికర్. తర్వాత ఏమన్న రాసుకోవచ్చు."

ఆరు నెలలు గడిచాక ఒకరోజు ఆమె అందరికీ తలా ఒక పలచటి పుస్తకం పంచింది. మొయినాబాద్‌లో ఒక బడికి ఆయా కావాలట, చదవడం, సంతకం చేయడం వచ్చినామె అయితేనే తీసుకుంటారట. "ఇది చదివి, చదివినట్టు వెనక గీత మీద సంతకం పెట్టు పెద్దమ్మా, నేను బడోళ్లకు చీటీ రాసిస్త" అంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. వంగి వంగి బీట్‌రూట్ పీకే నడుము ఇక వంగనని మొరాయిస్తోంది. కానీ వెనక ఆ గీత ఒకటి ఉందే! పైగా అట్ట మీద బొమ్మలోని మనిషికి భుజాల దాకా తెల్లజుట్టు, కింద నల్లకోటు.

"ఎవరమ్మా ఈయన?"

"అమెరికాల వకీలు. ఆ దేశం కొత్తగా పుట్టినప్పటి మనిషి. పేదరైతు కొడుకు. వాళ్లనూ వీళ్లనూ అడిగి తెచ్చుకున్న పుస్తకాలు చదివి వకీలైండు. ఆ ఎనక ఎలక్షన్ల గెలిచిండు."

వకీలు. ఎలక్షన్. ఆఖరున సంతకం. నా బొటనవేలు పిడికిట్లోకి వెళ్లిపోయింది. తక్కినవాళ్లంతా ఆ సాయంత్రమే సంతకాలు చేసి ఇళ్లకు పోయారు. నేను పుస్తకం కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. మాకు మిగిలింది రోడ్డు పక్కన ఒక్క ఎకరం. దానికి రెండు వైపులా అప్పటికే ఫామ్‌హౌస్ గోడలు లేచాయి.

మా ఆయన పగలబడి నవ్వాడు. "గాయన సచ్చి రెండొందల ఏండ్లాయెనే! లేసొచ్చి నీ ఎకరం గుంజుకుంటడా?"

"గాయన సచ్చిండు. వకీళ్లు సచ్చిండ్రా?" అన్నాను.

మూడు వారాలు చదివాను, పొలంగట్టు మీద కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి. సాయంత్రం కాగానే టీచరమ్మను పోలీసులా నిలదీసేదాన్ని.

"పదో పేజీల పేదోళ్ల కేసులు పైసలు తీసుకోకుండ ఊకెనే వాదించిండంట. ఎందుకు?"

"మంచోడు పెద్దమ్మా."

"మా నల్లకోటాయన గూడ పింఛను ఊకెనే ఇప్పిస్తనన్నడు."

పన్నెండో పేజీలో, ఆయన కూడా పొలంగట్టు మీదే చదువుకున్నాడని ఉంది. అక్కడ కాస్త మెత్తబడ్డాను. మెత్తబడినందుకు నన్ను నేనే అనుమానించి, ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాను. ఇంతలో ఒక సాయంత్రం టీచరమ్మ కబురు చెప్పింది: బడివాళ్లు సోమవారం దాకే ఆగుతారు, చదివింది చాలు, సంతకం పెట్టమని. ఆ కబురుతో నా అనుమానం ఇంకా ముదిరింది. తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ కాగితం ఉన్నవాళ్లే.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి చివరి పేజీకి ముందు పేజీ తెరిచాను. పదవి దిగాక ఆయన పడమటి అడవుల్లో, అక్కడి జనం కాపురముంటున్న వేల ఎకరాలు తన పేరున రాయించుకున్నాడని ఉంది. చెప్పులు వేసుకోవడం మరిచి చర్చికి పరుగెత్తాను.

"చూసినవా టీచరమ్మా! నేను చెప్పలే?"

ఆమె ఆ పేజీ చదివింది. ముఖం చిన్నబోయింది. "నేనిక్కడి దాంక చదవలే పెద్దమ్మా. మొదటి నాలుగు పేజీలు మంచిగున్నయని పంచిన."

"మరి ఆ అడవిలోళ్లు వేలిముద్రలు ఏసిండ్రా?"

"ఏసే ఉంటరు."

నేను గెలిచాను. అయినా నవ్వు రాలేదు. సిరా అంటిన వేలిని పంచెకు తుడుచుకుంటున్న మా మామ కళ్లముందు కనబడ్డాడు. కాసేపటికి పెన్ను అడిగి తీసుకుని, ఆ గీత మీద పేరు రాసి, కింద ఇంకో రెండు ముక్కలు చేర్చాను: 'ఈ సంతకం పుస్తకం చదివినందుకే. పొలానికి కాదు.' ఎవరూ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి మాటలు అవే.

టీచరమ్మ చీటీతో పాటు ఆ పుస్తకం కూడా ఇచ్చి పంపింది. మొయినాబాద్ బడి పెద్దమేడం ఆఖరి పేజీ చూసి, కళ్లద్దాలు తీసి నన్ను చూసి, మళ్లీ పేజీ చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. "ఈమెను గేటు కాడ పెట్టుండ్రి. పిల్లలను తీస్కపోనీకి ఎవరొచ్చినా ఊకె నమ్మదు" అంది.

ఇప్పటికీ ఆ గేటు దగ్గరే ఉన్నాను. ఎకరం కూడా రెండు గోడల మధ్య అలాగే ఉంది, బీట్‌రూట్ పండుతోంది. ఏనాడో పోయిన వకీలు సముద్రాలు దాటి ఎకరం పొలం కోసం వస్తాడని మూడు వారాలు కాపలా కాసిన అప్పటి ఆ ఆడమనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఎంత పిచ్చిదో అనుకుంటాను. మొన్న ఒకటో తరగతి పాప రంగులేసిన పుట్టినరోజు కార్డు తెచ్చి, "ఆయమ్మా, నీకే" అంది. ముందు వైపు చదివాను, తిప్పి వెనక వైపు కూడా చూశాను. ఏమీ లేదు, ఒక పువ్వు బొమ్మ తప్ప. పాపను ముద్దు పెట్టుకుందామని చెయ్యి చాపితే తెలిసింది, బొటనవేలు అప్పటికే పిడికిట్లో ఉంది.